మెషిన్ గన్ నుంచి ఆటోక్యానన్ దాకా: 400 గ్రాముల గీత

మెషిన్ గన్ కథ చెప్పేటప్పుడు చాలామంది గాట్లింగ్ పేరుతోనో, మాక్సిమ్ పేరుతోనో మొదలుపెడతారు. నేను ఇత్తడి తూటాతో మొదలుపెడతాను. అది రాకపోయి ఉంటే ఆ ఇద్దరి ఆలోచనలూ కాగితం మీదే ఉండిపోయేవి.

1857 తిరుగుబాటు గురించి చదివినవాళ్లకు ఎన్‌ఫీల్డ్ తూటా గుర్తుండే ఉంటుంది. అది కొవ్వు పూసిన కాగితపు పొట్లం. సిపాయి దాన్ని పంటితో చించి, తుపాకిమందును గొట్టం మూతిలో పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి, వెనకవైపు చిన్న రాగి టోపీ తగిలించి, ఆ తర్వాత పేల్చాలి. చెయ్యి తిరిగినవాడు కూడా నిమిషానికి మూడు సార్లు పేలిస్తే గొప్ప. ఇన్ని పనులు ఒక యంత్రంతో వరసగా చేయించడం దాదాపు అసాధ్యం. కాగితం చిరుగుతుంది, తడుస్తుంది, మందు ఒలికిపోతుంది.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. 1718లో లండన్‌లో జేమ్స్ పకిల్ అనే న్యాయవాది ముక్కాలి మీద నిలబెట్టే తుపాకి ఒకటి తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. రివాల్వర్‌లో ఉన్నట్టే దాని వెనక తిరిగే గదులు ఉండేవి. క్రైస్తవుల మీద గుండ్రటి గుళ్లు, తురుష్కుల మీద చదరపు గుళ్లు వాడాలని ఆ పేటెంట్‌లోనే ఉంది. 1722లో జరిగిన ప్రదర్శనలో అది 7 నిమిషాల్లో 63 సార్లు పేలింది. ఆ కాలానికి అది చాలా పెద్ద వేగం. కానీ బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకోలేదు. చెకుముకి రాయితో నిప్పు పుట్టించే ఆ రోజుల్లో అలాంటి యంత్రాన్ని నమ్ముకుని యుద్ధానికి వెళ్లడం కష్టమే.

19వ శతాబ్దం మధ్యలో లోహపు తూటా వచ్చాక పరిస్థితి మారింది. గుండు, మందు, మంట పుట్టించే ప్రైమర్ మూడూ ఒకే తొడుగులో ఇమిడిపోయాయి. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఆ తొడుగు చేస్తుంది. పేలిన క్షణంలో వచ్చే ఒత్తిడికి ఇత్తడి కొద్దిగా ఉబ్బి, గొట్టం గోడలకు అతుక్కుని, వేడి వాయువు వెనక్కి రాకుండా అడ్డుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ కుంచించుకుపోతుంది. అందుకే దాన్ని అంచు పట్టుకుని బయటికి లాగడం తేలిక. తోసెయ్యి, పేల్చు, లాగిపారెయ్యి. తుపాకి నింపడం ఇలా మూడు కదలికలకు తగ్గింది. కదలికలే కాబట్టి వాటిని యంత్రానికి అప్పగించవచ్చు.

గాట్లింగ్ చెయ్యి, ఫ్రాన్స్ రహస్యం

రిచర్డ్ జోర్డన్ గాట్లింగ్‌కి 1862 నవంబర్ 4న పేటెంట్ వచ్చింది. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఆయన తుపాకికి ఆరు గొట్టాలు. వెనక ఉన్న పిడిని చెరకు రసం బండి చక్రంలా తిప్పుతూ ఉంటే ఒక గొట్టంలో తూటా పేలుతున్నప్పుడు ఇంకో దాంట్లోకి కొత్త తూటా దిగుతుంది, మరో దాంట్లోంచి ఖాళీ తొడుగు రాలిపోతుంది. ఒక్కో గొట్టానికి తన వంతు మళ్లీ వచ్చేదాకా కాస్త విరామం దొరుకుతుంది కాబట్టి వేడెక్కడం తగ్గుతుంది. మొదటి నమూనాలో ఇంకా కాగితపు తూటాలనే ఉక్కు గదుల్లో పెట్టి వాడేవాళ్లు. లోహపు తూటాకు మారాకే అది నమ్మదగ్గ ఆయుధం అయింది. 1866లో అమెరికా సైన్యం దాన్ని అధికారికంగా తీసుకుంది.

యుద్ధాల్లో గాయాల కన్నా రోగాలతో చనిపోయేవాళ్లే ఎక్కువని చూసి ఈ తుపాకి తయారుచేశానని గాట్లింగ్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. ఒక్కడు వందమంది పని చేస్తే పెద్ద సైన్యాలే అక్కర్లేదనీ, అప్పుడు చావులూ తగ్గుతాయనీ ఆయన ఆశ. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ సైన్యాలు తగ్గలేదు. వందమంది పని చేయగలిగేవాణ్ణి లక్షల్లో చేర్చుకోవడం నేర్చుకున్నాయి.

గాట్లింగ్ తుపాకికి బలం ఇచ్చేది మనిషి చెయ్యి. ఇందులో ఒక లాభం ఉంది. ఏదైనా తూటా పేలకపోతే పిడి తిప్పుతూనే ఉండొచ్చు, ఆ తూటా దానంతటదే బయటికి రాలిపోతుంది. నష్టం కూడా అక్కడే ఉంది. ఎదురుగా శత్రువు పరిగెత్తుకొస్తుంటే టెన్షన్‌లో పిడి మరీ వేగంగా తిప్పేస్తారు, తూటాలు ఇరుక్కుంటాయి. పైగా అది ఫిరంగిలా చక్రాల బండి మీద ఉండేది. అందుకే సైన్యాలు దాన్ని ఫిరంగుల విభాగంలో పడేశాయి.

ఇలా తప్పు చోట పెట్టినందుకు ఘోరంగా నష్టపోయింది ఫ్రాన్స్. దాని దగ్గర మిట్రయోజ్ అనే ఆయుధం ఉండేది. ఒకే కంచు తొడుగులో 25 గొట్టాలు. 25 తూటాలు అమర్చిన పలకను వెనక దోపి పిడి తిప్పితే అవి ఒకదాని తర్వాత ఒకటి పేలుతాయి. పలకలు మార్చుకుంటూ నిమిషానికి వంద దాకా పేల్చవచ్చు. మూడో నెపోలియన్ ప్రభుత్వం దీన్ని ఎంత రహస్యంగా దాచిందంటే, దాన్ని వాడాల్సిన సైనికులకే సరైన శిక్షణ అందలేదు. 1870లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంతో యుద్ధం వచ్చినప్పుడు వీటిని ఫిరంగుల్లాగే బారులు తీర్చి దూరం నుంచి పేల్చారు. ఆ దూరంలో ప్రష్యా వాడిన క్రుప్ ఫిరంగుల ముందు అవి నిలబడలేదు. గుండు పడి పేలితే ఎక్కడ పడిందో కనిపిస్తుంది, గురి సరిచేసుకోవచ్చు. చిన్న తూటా వేలమీటర్ల దూరంలో ఎక్కడ పడిందో ఎవరికి కనిపిస్తుంది? గ్రావెలాట్‌లో జరిగిన పోరులో ప్రష్యా పదాతిదళం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆ మిట్రయోజ్‌లే భయంకరంగా పనిచేశాయి. అంటే లోపం ఆయుధంలో కన్నా దాన్ని వాడిన పద్ధతిలో ఎక్కువ ఉంది. యూరప్ సైన్యాధికారులు చాలామంది ఆ తేడా గమనించకుండా ఈ రకం తుపాకులే దండగని తీర్మానించేశారు.

వెనక్కి తన్నే బలం

తుపాకి పేల్చిన ప్రతివాడికీ భుజం మీద తన్ను తగులుతుంది. వృథాగా పోతున్న ఆ బలంతోనే తర్వాతి తూటాను నింపించవచ్చు కదా అని ఆలోచించినవాడు హైరమ్ మాక్సిమ్. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1840లో పుట్టి, లండన్‌లో స్థిరపడిన ఆయన హాటన్ గార్డెన్‌లోని చిన్న వర్క్‌షాపులో 1884 నాటికి పనిచేసే తుపాకిని చూపించాడు.

దాని లోపల జరిగేది ఇది. తూటా పేలిన క్షణంలో గొట్టం, దాని వెనక తలుపులా మూసుకుని ఉన్న బోల్టు కలిసే కొద్ది దూరం వెనక్కి జరుగుతాయి. గుండు బయటపడి ఒత్తిడి తగ్గేదాకా ఆ తలుపు తెరుచుకోకూడదు, తెరుచుకుంటే పేల్చినవాడి మొహమే కాలిపోతుంది. అందుకే మోకాలి కీలులా మడిచే ఒక అమరిక పెట్టాడు. కీలు నిటారుగా ఉన్నంతసేపు తలుపు బిగుసుకుని ఉంటుంది. కొద్దిగా వెనక్కి జరిగాక కీలు మడుచుకుంటుంది, తలుపు విడివడి ఒంటరిగా వెనక్కి పోతుంది. పోతూ పోతూ ఖాళీ తొడుగును లాగేస్తుంది, గుడ్డ బెల్టులోంచి కొత్త తూటాను అందుకుంటుంది, స్ప్రింగును సాగదీస్తుంది. ఆ స్ప్రింగు మళ్లీ అన్నిటినీ ముందుకు తోస్తుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపు, బెల్టులో తూటాలు ఉన్నంతసేపు ఇది ఆగదు. నిమిషానికి దాదాపు 600. పిడి తిప్పే చెయ్యి తప్పుకుంది.

మిగిలిన సమస్య వేడి. గాట్లింగ్ దాన్ని ఆరు గొట్టాలకు పంచాడు. మాక్సిమ్‌ది ఒకే గొట్టం కాబట్టి దాని చుట్టూ నీళ్ల తొట్టి బిగించాడు. దాదాపు 4 లీటర్ల నీళ్లు పడతాయి. ఆగకుండా పేలిస్తే కొద్ది నిమిషాల్లోనే మరిగిపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిరి పైకి లేచి ఆచూకీ చెప్పకుండా రబ్బరు గొట్టంతో దాన్ని ఒక డబ్బాలోకి పంపి, ఆ నీళ్లనే మళ్లీ పోసుకునేవాళ్లు.

ఇంకో మేలు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. పాతకాలపు నల్ల తుపాకిమందు కాలాక సగానికి పైగా మసిగా, పొగగా మిగులుతుంది. నిమిషానికి వందల తూటాలు పేలిస్తే తుపాకి లోపలంతా మసి పేరుకుంటుంది, ఎదురుగా ఏమీ కనపడనంత పొగ కమ్ముతుంది. 1884లోనే పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త పొగ రాని మందు కనిపెట్టాడు. మాక్సిమ్ తుపాకి, వియే మందు ఒకే ఏడాది రావడం యాదృచ్ఛికమే అయినా, తర్వాతి యాభై ఏళ్ల యుద్ధరంగాన్ని ఆ రెండూ కలిసే మార్చాయి.

పేలుడు వాయువులో కొంత దారి మళ్లించి యంత్రాన్ని నడిపించే పద్ధతి కూడా త్వరలోనే వచ్చింది. అమెరికాలో జాన్ బ్రౌనింగ్, ఫ్రాన్స్‌లో హాచ్‌కిస్ కంపెనీ ఆ దారిలో వెళ్లారు. ఈ రోజు సైన్యాల్లో ఉన్న మెషిన్ గన్‌లలో ఎక్కువ భాగం ఆ పద్ధతివే.

ముందు ఎవరి మీద వాడారు?

యూరప్ దేశాలు ఒకదాని మీద ఒకటి ప్రయోగించడానికి ముందు ఈ ఆయుధాన్ని ఆఫ్రికా, ఆసియా ప్రజల మీద ప్రయోగించాయి. ఈ భాగాన్ని ఒక వాక్యంలో దాటేసే రాతలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. 1893లో ఇప్పటి జింబాబ్వేలో ఎండెబెలె యోధుల దాడిని బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీ సైనికులు మాక్సిమ్‌లతో తిప్పికొట్టారు. 1898 సెప్టెంబర్ 2న సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ దగ్గర ఒక్క పూటలో 10 వేలకు పైగా సూడానీయులు చనిపోయారు. వాళ్లతో తలపడిన బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యంలో చనిపోయినవాళ్లు 50 మంది దాకా. అదంతా మాక్సిమ్‌ల పనే అనడం సరికాదు. ఫిరంగులు, నైలు నదిలోని యుద్ధపడవలు, రైఫిళ్లు కూడా అందులో ఉన్నాయి. కానీ దగ్గరికి రావడమే అసాధ్యం అయిన యుద్ధం ఎలా ఉంటుందో అక్కడ కనిపించింది.

మన దేశానికీ ఇందులో భాగం ఉంది. 1904 మార్చి 31న టిబెట్‌లోని గురు అనే చోట, యంగ్‌హజ్‌బండ్ నాయకత్వంలో భారతదేశం నుంచి వెళ్లిన దళం నాటు తుపాకులు, కత్తులు పట్టుకున్న టిబెటన్ల మీద రైఫిళ్లతో, మాక్సిమ్‌లతో కాల్పులు జరిపింది. ఆ దళంలో సిక్కు, గూర్ఖా సైనికులు ఎక్కువ. కొద్ది నిమిషాల్లో వందలమంది చనిపోయారు. టిబెటన్లు పరిగెత్తలేదు, తలలు వంచుకుని మెల్లగా నడిచి వెళ్లిపోయారని అక్కడున్నవాళ్లు రాశారు. మాక్సిమ్‌లను నడిపించిన లెఫ్టినెంట్ హాడో ఆ నరమేధం చూడలేక కాల్పులు ఆపేశానని ఇంటికి ఉత్తరం రాశాడు.

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌కు డయ్యర్ మెషిన్ గన్‌లు బిగించిన రెండు సాయుధ కార్లు తీసుకెళ్లాడు. సందు ఇరుకై అవి లోపలికి పోలేదు. పోగలిగి ఉంటే వాటితోనూ కాల్చేవాడివా అని తర్వాత విచారణ జరిపిన హంటర్ కమిటీ అడిగినప్పుడు, బహుశా కాల్చేవాడినేనని ఆయన జవాబిచ్చాడు.

వలస యుద్ధాల నుంచి యూరప్ అధికారులు నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు. ఆ గెలుపులు ఆయుధం వల్ల వచ్చాయని ఒప్పుకోవడం కన్నా తమ జాతి గొప్పదనం వల్ల వచ్చాయనుకోవడం వాళ్లకు సుఖంగా ఉండేది. 1904-05లో రష్యా, జపాన్ మంచూరియాలో తలపడినప్పుడు రెండు వైపులా మెషిన్ గన్‌లు ఉన్నాయి, యూరప్ పరిశీలకులూ ఉన్నారు. అందరికన్నా శ్రద్ధగా పాఠం నేర్చుకున్నది జర్మనీ.

1914లో జర్మనీ దగ్గర మెషిన్ గన్‌లు లెక్కకు మించి ఉన్నాయని చాలాచోట్ల రాస్తారు. లెక్క చూస్తే బ్రిటన్‌కు బెటాలియన్‌కు రెండు. జర్మనీకి మూడు బెటాలియన్ల రెజిమెంటుకు ఆరు. అంటే పాళ్లు సమానమే. తేడా అంతా అమరికలో ఉంది. జర్మన్లు ఆ ఆరింటినీ ఒకే కంపెనీగా కలిపి, అవసరమైన చోట ఒకేసారి దించేవాళ్లు.

బెల్జియంలోని హొలెబెకె దగ్గర 1914 అక్టోబర్ 31న 129వ బలూచీ రెజిమెంటుకు ఉన్నవీ రెండే. ఒకటి ఫిరంగి గుండు తగిలి పాడైపోయింది. రెండో దాన్ని నడుపుతున్నవాళ్లలో ఒక్కొక్కరే చనిపోగా, గాయపడిన ఖుదాదాద్ ఖాన్ చివరిదాకా పేల్చాడు. చనిపోయాడనుకుని శత్రువులు వదిలేస్తే రాత్రి పాకుకుంటూ తన దళాన్ని చేరుకున్నాడు. విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయ సైనికుడు ఆయనే.

మెషిన్ గన్ అంత ప్రాణాంతకం కావడానికి వేగం ఒక్కటే కారణమని అనుకుంటాం. నా అంచనాలో ముక్కాలి స్టాండు పాత్ర తక్కువేమీ కాదు. రైఫిల్ పట్టినవాడి చేతులు భయంతో వణుకుతాయి. ముక్కాలికి బిగించిన తుపాకికి భయం లేదు, ముందే కొలిచి పెట్టిన దిశలో, ఎత్తులో చీకట్లో కూడా పేలుస్తూనే ఉంటుంది. అలాంటివి రెండు పక్కల నుంచి అడ్డంగా పేలిస్తే వాటి తూటాల దారులు మధ్యలో ఒకదాన్నొకటి కోసుకుంటాయి. బారులు తీరి వచ్చేవాళ్లకు తప్పించుకునే సందే ఉండదు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సొమ్ నది దగ్గర బ్రిటిష్ సైన్యం ఒక్క రోజులో, గాయపడినవాళ్లతో కలిపి, 57,470 మందిని నష్టపోయింది. అందులో మరణాలు 19,240. అయితే మొత్తం యుద్ధంలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఫిరంగులే. మెషిన్ గన్ చేసింది వేరే పని: మనుషుల్ని కందకాల్లోంచి తల ఎత్తనివ్వలేదు.

బ్రిటన్ 1915 అక్టోబర్‌లో మెషిన్ గన్ కోర్ అనే ప్రత్యేక విభాగం పెట్టింది. భారీ తుపాకులు అందులోకి పోతే, ఒక మనిషి మోసుకెళ్లగల లూయిస్ గన్‌లు పదాతిదళానికి వచ్చాయి. ఫిరంగుల పక్కనా, పదాతిదళంలోనా అన్న పాత తగువు అలా తీరింది.

గీతకు అవతల

ఇక ఆటోక్యానన్. చాలామంది దీన్ని పెద్ద సైజు మెషిన్ గన్ అంటారు. యంత్రం వరకు ఆ మాట తప్పు కాదు. కానీ అసలు తేడా గుండులో ఉంది. మెషిన్ గన్ తూటా తగిలి గుచ్చుకుంటుంది. ఆటోక్యానన్ గుండు తగిలి పేలుతుంది. ఈ రెండింటి మధ్య గీత గీసింది ఇంజనీర్లు కాదు, దౌత్యవేత్తలు.

1860లలో రష్యా సైన్యం మందుగుండు బండ్లను పేల్చేయడానికి పేలే తూటా ఒకటి తయారుచేసింది. దాన్ని మెత్తటి వస్తువు తగిలినా పేలేలా మెరుగుపరిచాక, అది మనుషుల మీద వాడితే ఎంత దారుణమో రష్యా ప్రభుత్వానికే అర్థమైంది. అదే పిలిస్తే దేశాలు కూడాయి. 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన వెలువడింది: 400 గ్రాముల లోపు బరువున్న పేలే గుళ్లు యుద్ధంలో వాడకూడదు.

సరిగ్గా అప్పుడే నౌకాదళాలకు కొత్త భయం పట్టుకుంది. 1866లో టార్పీడో, అంటే నీళ్లలో దూసుకెళ్లి నౌకకు తగిలి పేలే ఆయుధం, పుట్టింది. చిన్న పడవ ఒకటి వేగంగా దూసుకొచ్చి పెద్ద యుద్ధనౌకను ముంచేయగలదు. నౌకలోని పెద్ద ఫిరంగి అంత త్వరగా తిరగదు. మామూలు తూటా ఆ పడవను ఆపలేదు. వేగంగా పేలుతూ, గుండు తగిలితే పడవ చిరిగిపోయే ఆయుధం కావాలి. నార్డెన్‌ఫెల్ట్ తుపాకి ఒక అంగుళం ఉక్కు గుళ్లతో సరిపెట్టుకుంది, ఆ సైజులో పేలే గుండు వాడడం నిషిద్ధం కనక. అమెరికన్ బెంజమిన్ హాచ్‌కిస్ ప్రకటన పెట్టిన హద్దును దాటి ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల గుండుకు వెళ్లాడు. ఆ బరువుకు సరిపోయే గొట్టం వెడల్పు 37 మిల్లీమీటర్లు. ఐదు గొట్టాలతో, పిడి తిప్పితే పేలే ఆయన ఫిరంగి ఎన్నో నౌకాదళాల్లోకి చేరింది. 37 అనే ఆ అంకె తర్వాత దశాబ్దాల పాటు దేశదేశాల ఫిరంగుల్లో కనిపిస్తూనే వచ్చింది.

మాక్సిమ్ తన యంత్రాన్నే పెద్దది చేసి అదే 37 మిల్లీమీటర్ల గుండు పేల్చేలా మార్చాడు. మనిషి చెయ్యి అవసరం లేని మొదటి ఆటోక్యానన్ అదే. 1899లో దక్షిణాఫ్రికాలో యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్‌తో పోరాడిన బోయర్ల (అక్కడ స్థిరపడిన డచ్ సంతతివాళ్ల) దగ్గర ఇవి ఉన్నాయి, బ్రిటిష్ పదాతిదళం దగ్గర లేవు. లండన్‌లో పుట్టిన ఆయుధం బ్రిటిష్ సైనికుల మీదే పేలింది. దాని మోతను బట్టి సైనికులు పామ్-పామ్ అని పేరు పెట్టారు. గుండు చిన్నదే, ఒక్కో గుండు వల్ల జరిగే నష్టం తక్కువే. కానీ ఎక్కడ పడిందో పొగ చూసి తెలుసుకుని తర్వాతి నాలుగైదింటిని సరిగ్గా అక్కడికే మళ్లించవచ్చు. 1870లో మిట్రయోజ్‌కు లేకపోయింది ఇదే. బ్రిటన్ హడావుడిగా తనూ కొనుక్కుంది.

తర్వాత ఆకాశం తెరుచుకుంది. విమానాలు, జెప్పెలిన్‌లు అనే భారీ గాలి ఓడలు రావడంతో 400 గ్రాముల నియమం నిలవలేదు. హైడ్రోజన్ నింపిన జెప్పెలిన్‌ను మామూలు తూటా తూట్లు పొడుస్తుందే తప్ప కూల్చలేదు. మంట పెట్టే తూటాలు, పేలే తూటాలు రెండూ వచ్చేశాయి. 1923లో హేగ్‌లో రాసిన ముసాయిదా నియమాలు గగనతల యుద్ధంలో వాటిని అనుమతించాయి. ఆ ముసాయిదా చట్టం కాలేదు, కానీ వాడకం ఆగలేదు.

జర్మనీలో ఈలోగా బెకర్ ఫిరంగి పుట్టింది. 20 మిల్లీమీటర్లు. విమానంలో పెట్టాలంటే తేలిగ్గా ఉండాలి కాబట్టి మాక్సిమ్ కీలు లాంటి బరువైన తాళం వేయలేదు. బరువైన బోల్టు ఇంకా ముందుకు దూసుకొస్తుండగానే తూటా పేలుతుంది. పేలుడు ముందు ఆ వేగాన్ని ఆపాలి, తర్వాతే దాన్ని వెనక్కి తోయగలదు. ఆ కాస్త ఆలస్యంలో గుండు గొట్టం దాటిపోతుంది. తాళం లేకుండానే తాళం పని అయిపోతుంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఇంజనీరింగ్ ఇదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద ఆంక్షలు పెట్టిన వెర్సాయ్ ఒప్పందం తర్వాత జర్మనీలో ఆ పని సాగలేదు. హక్కులు స్విట్జర్లాండ్ చేరి, 1924లో ఎర్లికాన్ కంపెనీ చేతికి వచ్చాయి. ఎర్లికాన్ అందరికీ అమ్మింది. దాని ఫలితం పసిఫిక్ సముద్రం మీద కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాడిన జీరో యుద్ధవిమానం రెక్కల్లోని 20 మిల్లీమీటర్ల ఫిరంగులు ఎర్లికాన్ నమూనా నుంచి వచ్చినవే. ఆ విమానాల మీదికి అమెరికా నౌకలు పేల్చినవాటిలోనూ ఎర్లికాన్‌లు ఉన్నాయి. రెండూ బెకర్ సంతానమే.

1930లలో స్వీడన్ కంపెనీ బోఫోర్స్ 40 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకి తెచ్చింది. దాని తర్వాతి తరం ఎల్-70 మన సైన్యంలో దశాబ్దాలుగా ఉంది. క్షిపణులు వచ్చాక ఈ తుపాకుల పని అయిపోయిందని చాలామంది అన్నారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు రాడార్, కెమెరాలు జోడించి ఆధునికీకరించిన ఎల్-70లనే సైన్యం వాటి మీదికి తిప్పింది. చిన్నది, చవకైనది, వేగంగా వచ్చేది, పెద్ద ఆయుధం వాడితే గిట్టుబాటు కానిది. 1870లలో టార్పీడో పడవ ఎలాంటి లక్ష్యమో డ్రోన్ కూడా అలాంటి లక్ష్యమే. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్ అనే, పదాతిదళాన్ని మోసే కవచ వాహనం మీద ఉండేది కూడా 30 మిల్లీమీటర్ల ఆటోక్యానన్. తేలికపాటి కవచాన్ని ఛేదించే గుళ్లు, తగిలి పేలే గుళ్లు రెండూ దాని బెల్టుల్లో సిద్ధంగా ఉంటాయి. ఎదురుగా ఉన్నది ఏమిటో చూసి సైనికుడు వాటిలో ఒకటి ఎంచుకుంటాడు.